చుక్క పెట్టగానే బడి దగ్గరవుతుందా?

మీ బడి పటంలో ఎక్కడుంది? ఇదేం ప్రశ్న అనుకుంటారు మీరు. ఫోనులో పటం తెరిచి, రెండు వేళ్ళతో సాగదీసి, "ఇదిగో, ఇక్కడ!" అని చూపిస్తారు. సరే, ఇంకో ప్రశ్న. ఆ చుక్కను అక్కడ పెట్టిన వారెవరు? వారు మీ ఊరు వచ్చి చూశారా? మీరు రోజూ ఏ బాటన బడికి పోతున్నారో, ఆ బాటకు ఏ వాగు అడ్డం వస్తుందో వారికి తెలుసా?

ఊరికే అడగడం లేదు. ఏ ఊళ్ళో కొత్త బడి కావాలి, ఏ రెండు బడులను కలపవచ్చు, ఏ పిల్లలకు రవాణా భత్యం ఇవ్వాలి అనే విషయాలన్నీ దూరం మీద ఆధారపడతాయి. దూరం తెలియాలంటే పటం కావాలి. ఇప్పుడు పటాలను కంప్యూటరు గీస్తుంది. వేల బడుల దత్తాంశాలను మింగి, ఒక్క నిమిషంలో రంగురంగుల బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. బొమ్మ అందంగా ఉంటుంది. అందంగా ఉన్నదాన్ని మనం తొందరగా నమ్మేస్తాం. అక్కడే వచ్చింది చిక్కు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బడికి నడిచే పిల్లలు సరిచూడని పటాన్ని చూపించి ఏ బడి గురించీ నిర్ణయం చేయకూడదు. ఎందుకో చెబుతాను. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలను ఉదాహరణగా తీసుకుందాం. ఈ మూడు జిల్లాలను ఏరి తీసుకోవడానికి కారణం ఉంది.

2016 అక్టోబరు 11కు ముందు ఈ పేర్లతో జిల్లాలు లేవు. ఆ రోజున తెలంగాణలోని 10 జిల్లాలను 31గా చేశారు. పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. జనగామలో ఎక్కువ భాగం దానిలోదే. మహబూబాబాదుకు పాత వరంగల్ మండలాలతో పాటు ఖమ్మం జిల్లా నుంచి గార్ల, బయ్యారం వచ్చి చేరాయి. భూపాలపల్లికి ఆచార్య జయశంకర్ పేరు పెట్టి, కరీంనగర్ జిల్లాలో ఉన్న మహదేవపూర్, కాటారం వైపు మండలాలను కలిపారు. అంతటితో అయిపోలేదు. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగును విడదీసి వేరే జిల్లా చేశారు. దానితో పాటు ఏర్పడిన నారాయణపేటను కలుపుకొని జిల్లాలు 33 అయ్యాయి.

ఇప్పుడు కంప్యూటరు సంగతి చూడండి. ఈ సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి జిల్లా పేరు ఇస్తే చాలు, తమ దగ్గరున్న పేర్ల పట్టికలో వెదికి సరిహద్దు గీసేస్తాయి. ఆ పట్టిక పాతదైతే? జనగామ జిల్లా అంటే అదేమిటో తెలియదంటుంది. లేదా ములుగు కలిసి ఉన్న పాత భూపాలపల్లిని గీసి పెడుతుంది. పేర్లు రాసే తీరుతోనూ తంటాయే. జనగామ అని ఒకరు, జనగాం అని ఒకరు, జనగావ్ అని ఇంకొకరు రాస్తారు. మనిషికి ఇవన్నీ ఒకటే. కంప్యూటరుకు మూడూ మూడు వేర్వేరు ఊళ్ళు. ఇక మహబూబాబాదును ఆ చుట్టుపక్కల వారు మానుకోట అంటారు. ఆ సంగతి అక్కడి అవ్వను అడిగితే చెబుతుంది గాని, ఎక్కడో తయారైన పేర్ల పట్టికకు ఎలా తెలుస్తుంది?

ఈ గొడవ లేకుండా చేయడానికే ప్రతి బడికీ ఒక సంఖ్య ఇచ్చారు. మీ బడి రికార్డులలో చూడండి, 11 అంకెల యూడైస్ సంఖ్య ఉంటుంది. మొదటి 2 అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36. తరువాతి 2 జిల్లావి, ఆ తరువాతి 2 మండలానివి, తరువాత 3 ఊరివి, చివరి 2 బడివి. దేశంలో ఏ రెండు బడులకూ ఒకే సంఖ్య ఉండదు. పేరు ఎన్ని విధాలుగా రాసినా సంఖ్య మారదు గనుక, రెండు పట్టికలను కలిపేటప్పుడు పేరును కాక సంఖ్యను పట్టుకుని కలపాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, పటాలలో వచ్చే తప్పులలో సగం ఇక్కడే ఆగిపోతాయని నా నమ్మకం.

మిగతా సగం అక్షాంశ రేఖాంశాలలో ఉంటుంది. భూగోళం మీద ఏ చోటునైనా రెండు సంఖ్యలతో చెప్పవచ్చునని మీరు చదువుకున్నారు. జనగామ పట్టణం దాదాపు 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.16 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కనుక, మన ప్రాంతంలో ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు మాత్రమే.

దీన్ని బట్టి ఒక లెక్క వేయండి. దశాంశ బిందువు తరువాత ఒక్క స్థానమే రాస్తే, అది 11 కిలోమీటర్ల గళ్ళున్న వలలో చేపను పట్టినట్టే. రెండు స్థానాలు రాస్తే గడి 1.1 కిలోమీటరు. మూడు స్థానాలైతే 110 మీటర్లు. నాలుగు రాస్తే 11 మీటర్లు, అంటే మీ తరగతి గదంత. ఎవరో గుమాస్తా ఓపిక లేక రెండు స్థానాలతో సరిపెట్టారనుకోండి. బడి చుక్క ఉత్తర దక్షిణాలుగా అర కిలోమీటరు దాకా, తూర్పు పడమరలుగా ఇంకో అర కిలోమీటరు దాకా జరగవచ్చు. రెండూ కలిస్తే మూలకు మూల దూరం ఎంత? పైథాగరస్‌ను అడగండి. ముప్పావు కిలోమీటరు దాటుతుంది. ప్రాథమిక పాఠశాల 1 కిలోమీటరు లోపు ఉండాలనే నియమాన్ని ఇలాంటి చుక్కతో పరీక్షిస్తే ఆ పరీక్షకు విలువేముంది?

ఇంతకంటే విచిత్రమైన పొరపాట్లూ ఉన్నాయి. డిగ్రీని 60 భాగాలు చేసి నిమిషాలంటారు గదా. 17 డిగ్రీల 43 నిమిషాలను దశాంశంలోకి మార్చకుండా 17.43 అని కొట్టేస్తే, జనగామలోని బడి దాదాపు 32 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి పక్క జిల్లాలో కూర్చుంటుంది. అక్షాంశాన్ని రేఖాంశం గడిలోనూ, రేఖాంశాన్ని అక్షాంశం గడిలోనూ రాశారనుకోండి. అప్పుడు జనగామ బడి 79 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పోతుంది. అట్లాసులో చూడండి, అక్కడ నార్వేకు చెందిన స్పిట్స్‌బెర్గెన్ అనే మంచు దీవి ఉంది. ఆ దీవుల్లో ధ్రువపు ఎలుగుబంట్లు తిరుగుతుంటాయి. మధ్యాహ్న భోజనం వాటికే పెట్టాల్సి వస్తుంది! ఇలాంటి తప్పు కంటికి వెంటనే కనిపిస్తుంది కనుక దానితో ప్రమాదం లేదు. అర కిలోమీటరు తప్పే ప్రమాదం. అది ఒప్పులాగే కనిపిస్తుంది.

చుక్కలన్నీ సరిగానే పడ్డాయనుకుందాం. ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ ఇరుగుపొరుగున బడి ఉండాలని చెబుతుంది. మన రాష్ట్రంలో దీని కొలత ఇది: 1 నుంచి 5 తరగతుల వారికి 1 కిలోమీటరు లోపు, 6 నుంచి 8 తరగతుల వారికి 3 కిలోమీటర్ల లోపు. (మీలో తొమ్మిది, పది తరగతుల వారు ఈ చట్టం గీసిన గీత దాటిపోయారు. ఉన్నత పాఠశాలకు 5 కిలోమీటర్లు అనే కొలత వేరే పథకంలో వచ్చింది.) పటం గీసే సాఫ్ట్‌వేరుకు ఈ నియమం చెప్పడం సులభం. ప్రతి బడి చుట్టూ 1 కిలోమీటరు వ్యాసార్థంతో ఒక వృత్తం గీయమంటే గీసేస్తుంది. వృత్తం లోపలున్న ఊరికి బడి దగ్గర, బయట ఉన్న ఊరికి దూరం. అంతే, తీర్పు అయిపోయింది!

కాని వృత్తం ఏ దూరాన్ని కొలుస్తుంది? తిన్నని గీత దూరాన్ని. ఆ గీత మీద కొంగ ఎగరగలదు. రెండో తరగతి పిల్ల ఎగరలేదు.

ఒక లెక్క చేద్దాం. ఒక వాగు ఉంది. ఇటు గట్టు నుంచి 400 మీటర్ల దూరంలో తండా, అటు గట్టు నుంచి 400 మీటర్ల దూరంలో బడి, ఎదురెదురుగా ఉన్నాయి. గీత దూరం 800 మీటర్లు. వృత్తం లోపలే కనుక నియమం తీరినట్టే. కాని వంతెన అక్కడ లేదు; ఎగువన కిలోమీటరున్నర దూరంలో ఉంది. తండా నుంచి వంతెనకు ఒక కర్ణం, వంతెన నుంచి బడికి ఇంకో కర్ణం. 0.4 వర్గం, 1.5 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 1.55 వస్తుంది. దానికి రెట్టింపు 3.1 కిలోమీటర్లు. పటం 800 మీటర్లంటుంది, కాళ్ళు 3 కిలోమీటర్లకు పైనే అంటాయి. చిన్న పిల్లకు గంట నడక. పోను గంట, రాను గంట.

ఇది నేను కల్పించిన వాగు. కల్పించని వాగులు ఈ జిల్లాలలో చాలా ఉన్నాయి. మహబూబాబాదు జిల్లాలో ఆకేరు, మున్నేరు, పాకాల ఏరు ఉన్నాయి. గార్ల దగ్గర పాకాల ఏరు పొంగితే అవతలి ఒడ్డు ఊళ్ళకు రాకపోకలు ఆగిపోతాయి. భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగు 2023 జూలై 27న ఎంతగా పొంగిందంటే, మోరంచపల్లి ఊరంతా మునిగి, జనం ఇళ్ళ కప్పుల మీదికి ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. రైలుకే దారి లేని రోజున బడి పిల్లల సంగతేమిటి?

మన బడులు జూన్‌లో తెరుస్తారు. వానలూ జూన్‌లోనే మొదలవుతాయి. అంటే చదువుల ఏడాదిలో మొదటి నాలుగు నెలలు వానాకాలమే. ఒకే ఊరికి, ఒకే బడికి, వేసవిలో ఒక దూరం, వానల్లో ఒక దూరం ఉంటాయన్నమాట. కాజ్‌వే మీద నీరు పారుతున్నప్పుడు ఆ దూరాన్ని కిలోమీటర్లలో చెప్పనే లేము. ఆ రోజుకు బడి లేనట్టే. కాబట్టి ప్రతి జిల్లాకూ రెండు పటాలు ఉండాలంటాను నేను. ఒకటి ఎండాకాలం పటం, ఒకటి వానాకాలం పటం. రెండోది ఎక్కడా కనిపించదు. ఎందుకంటే దాన్ని ఉపగ్రహం గీయలేదు. ఏ కాజ్‌వే ఏడాదికి ఎన్ని రోజులు మునుగుతుందో దాని పక్కన ఉండేవారే చెప్పాలి.

గీత దూరం వేరు, నడక దూరం వేరు అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1854లో లండన్ నగరంలో సోహో అనే పేటలో కలరా ప్రబలి, 600 మందికి పైగా చనిపోయారు. జాన్ స్నో అనే డాక్టరు ఒక్కొక్క చావుకూ పటం మీద ఒక్కొక్క నల్లగీత పెట్టాడు. గీతలన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని చేతిపంపు చుట్టూ గుమికూడాయి. ఇక్కడి దాకా మీరు పాఠాల్లో చదివే ఉంటారు. దీని తరువాతి సంగతి నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. 1855లో ప్రచురించిన పటంలో స్నో ఇంకొక గీత కూడా గీశాడు. బ్రాడ్ స్ట్రీట్ పంపుకూ, చుట్టూ ఉన్న ఇతర పంపులకూ సమాన దూరంలో ఉన్న చోట్లను కలిపే గీత అది. ఆ దూరాన్ని ఆయన స్కేలుతో కొలవలేదు. వీధుల వెంట నడిచి పోయే దూరంగా లెక్కించాడు. ఎందుకంటే బిందె పట్టుకుని నీళ్ళకు పోయేవాళ్ళు గోడల మీదుగా ఎగిరిపోరు. ఆ గీత దాటగానే చావులు తగ్గిపోవడమో, ఆగిపోవడమో కనిపించింది.

స్నో ఇంకొకటి కూడా గమనించాడు. ఆ దగ్గరలోని ఒక పంపు నీళ్ళు మురికిగా ఉండేవి. అందువల్ల దాని పక్కనున్న వాళ్ళు కూడా దాన్ని వదిలి బ్రాడ్ స్ట్రీట్ పంపుకే పోయేవారు. దగ్గరగా ఉంది గనుక అందరూ దాన్నే వాడతారని అనుకోకూడదన్న మాట. బడులకూ ఇది వర్తిస్తుంది. పక్కనే బడి ఉన్నా, టీచరు లేకపోతే తల్లిదండ్రులు పిల్లలను ఇంకొక బడికి పంపుతారు. పటం మాత్రం ఆ ఊరికి బడి ఉందనే చూపిస్తుంది. చుక్క కింద టీచర్ల సంఖ్య కూడా రాయించాలి. అది రాయని చుక్క సగం చుక్కే.

ఇప్పటి దాకా బడి చుక్క గురించే మాట్లాడాం. దూరానికి రెండు కొనలుంటాయి. రెండో కొన ఎక్కడ పెట్టాలి? సాధారణంగా ఊరి చుక్క దగ్గర పెడతారు. కాని మహబూబాబాదు జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. ఒక రెవెన్యూ గ్రామం కింద నాలుగైదు తండాలు ఉండవచ్చు. ఒక్కొక్కటి అసలు ఊరికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, చేల మధ్యలోనో గుట్ట పక్కనో ఉంటుంది. పట్టికలో మాత్రం అన్నింటికీ కలిపి ఒక్క ఊరి పేరు, పటంలో ఒక్క చుక్క. ఆ చుక్క నుంచి బడికి కొలిస్తే అర కిలోమీటరే! తండా పిల్లలు ఆ లెక్కలో లేనే లేరు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. ఆ మార్పు బడుల పటాలలోకి కూడా రావాలి. ప్రతి తండాకూ, ప్రతి గూడేనికీ, పది ఇళ్ళున్నా సరే, వేరే చుక్క ఉండాలి.

జిల్లా సరిహద్దు ఇంకో మాయ చేస్తుంది. పటం గీసేవారు తమ జిల్లా బడులనే తీసుకుంటారు. సరిహద్దున ఉన్న తండాకు దగ్గరి బడి పక్క జిల్లాలో ఉంటే, అది పటంలో కనిపించదు. ఉన్న బడి లేనట్టు చూపిస్తుంది. 2016లోనూ, 2019లోనూ కొత్త సరిహద్దులు పడిన చోట్ల ఈ తప్పుకు అవకాశం ఎక్కువ. అందుకని సరిహద్దుకు అవతల కూడా కనీసం 5 కిలోమీటర్ల మేర బడులను చేర్చుకుని, ఆ తరువాతే దూరాలు లెక్కవేయాలి.

ఇక రంగులు. అన్ని బడులకూ ఒకే రంగు చుక్క పెడితే ఏమవుతుంది? గురుకులం కూడా చుక్కే, కస్తూర్బా విద్యాలయం కూడా చుక్కే, ఫీజు కట్టాల్సిన ప్రైవేటు బడి కూడా చుక్కే. గురుకులంలో ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఉండి చదువుకుంటారు. దాని గోడ పక్క ఇంటి పిల్లకు అందులో సీటు వస్తుందన్న నమ్మకం లేదు. కాబట్టి పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి వచ్చే ప్రభుత్వ బడికి ఒక రంగు, వసతి బడికి ఒక రంగు, ప్రైవేటు బడికి ఒక రంగు ఉండాలి. మరొక సంగతి. చదరపు కిలోమీటరుకు ఎన్ని బడులున్నాయో లెక్కగట్టి, తక్కువ ఉన్న మండలానికి ఎర్రరంగు పూస్తుంటారు. భూపాలపల్లి జిల్లాలో అడవి చాలా ఉంది. అడవిలో ఇళ్ళు లేని చోట బడి లేకపోవడం లోటు కాదు. బడుల సంఖ్యను నేల వైశాల్యంతో భాగించకూడదు, పిల్లల సంఖ్యతో పోల్చి చూడాలి. నేల బడికి వెళ్ళదు గదా!

ఇదంతా విని కొందరు ఒక మాట అంటారు: "సాఫ్ట్‌వేరు రోడ్ల వెంట దూరాన్ని కూడా లెక్కగట్టగలదు. పిల్లలు వచ్చి చెప్పేదేముంది?" నిజమే, లెక్కగట్టగలదు. అయితే దానికి తెలిసిన రోడ్లు ఎవరో ఒకరు గీసి పెట్టినవే. పొలం గట్టు, బండ్ల బాట, చెరువు కట్ట చాలాసార్లు అందులో ఉండవు. అప్పుడు తప్పు తలకిందులవుతుంది. పిల్లలు చెరువు కట్ట మీదుగా పది నిమిషాలలో పోయే బడికి, కంప్యూటరు తారు రోడ్డు వెంట తిప్పి 4 కిలోమీటర్లు చూపిస్తుంది. గీత దూరం తక్కువ చెబుతుంది, రోడ్డు దూరం కొన్నిసార్లు ఎక్కువ చెబుతుంది. నడిచేవారికే నిజం తెలుసు. అడవి దారులైతే ఉపగ్రహపు ఫొటోలో చెట్ల కొమ్మల కింద కనిపించనే కనిపించవు.

మరి ఈ పని మీరు చేయగలరా? తప్పకుండా. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వేలో, కోణాలు కొలిచే థియొడొలైట్ అనే యంత్రం దాదాపు అర టన్ను బరువుండేది. దాన్ని గుట్టలెక్కించడానికి ఎంతమంది మోయాలో ఊహించండి. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న ఫోను, 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న జీపీఎస్ ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి సంకేతాలు అందుకుని, ఆరుబయట అయితే దాదాపు 5 మీటర్ల తేడాతో మీరెక్కడున్నారో చెబుతుంది. చెట్ల కింద నిలబడితే తేడా పెరుగుతుంది. కాస్త ఖాళీ చోటికి వచ్చి చూసుకోండి. పటం గీయడానికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. 2002లో అలాస్కాలో గ్యారీ షెర్మన్ దీన్ని మొదలుపెట్టాడు. తరువాత ఎన్నో దేశాల వారు చేతులు కలిపి పెంచారు. 2004లో మొదలైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే పటంలో ఎవరైనా సరే, తమ ఊరి బాటను గీసి చేర్చవచ్చు. మన ఇస్రో వారి భువన్ పటాలు 2009 నుంచి అందుబాటులో ఉన్నాయి. పటాలు గీసుకోవడానికి మన దేశస్థులకు ముందస్తు అనుమతులు అక్కరలేదని కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది కూడా.

కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు. గ్రాఫు కాగితం చాలు. నిజానికి మొదటి పటం కాగితం మీదే గీయండి. తండా నుంచి బడి దాకా దారిని నాలుగైదు చోట్ల ఆగి అక్షాంశ రేఖాంశాలు నాలుగు దశాంశ స్థానాల దాకా రాసుకోండి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. వాగు, కాజ్‌వే, లారీలు తిరిగే రోడ్డు, కుక్కల బెడద ఉన్న మలుపు, అన్నీ గుర్తు పెట్టండి. భూపాలపల్లి వైపు వారు బొగ్గు లారీల రోడ్డును ఎర్రగీతతో చూపాలి. తరువాత నడక దూరాన్ని గీత దూరంతో భాగించండి. 1కి కొంచెం పైన వస్తే దారి మంచిదే. 2 దాటితే ఏదో అడ్డం ఉంది. అది ఏమిటో పటం మీద రాయండి. 1 కంటే తక్కువ వస్తే మాత్రం దారిని కాదు, మీ అంకెలనే అనుమానించాలి. ఎందుకంటే రెండు బిందువుల మధ్య సరళరేఖ కంటే దగ్గరి దారి ఉండదు.

రెండు జాగ్రత్తలు. వానాకాలం పటం కోసం వాగు దగ్గరికి పోయి లోతు చూడవద్దు. పోయిన ఏడాది కాజ్‌వే ఎన్ని రోజులు మునిగిందో ఊళ్ళో పెద్దలను, పాలవాళ్ళను, బస్సు డ్రైవరును అడిగి రాసుకోండి. రెండోది, ఏ పిల్ల ఏ ఇంటి నుంచి ఏ వేళకు ఒంటరిగా నడుస్తుందో పటం మీద పెట్టవద్దు. దారి మొదలు తండా మధ్యలోని వేపచెట్టు దగ్గరో, నీళ్ళ ట్యాంకు దగ్గరో పెట్టండి. పిల్లల పేర్లు రాయకండి. పటం పది మందీ చూసేది.

గీసిన పటాన్ని ఏం చేయాలి? గోడకు అంటించి ఊరుకోకండి. విద్యా హక్కు చట్టం ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం ఆ కమిటీ పని. ఆ సమావేశంలో మీ పటాన్ని బల్ల మీద పరచండి. బాలల సైన్స్ కాంగ్రెస్‌కు ప్రాజెక్టుగా కూడా పంపవచ్చు. ఆ వేదిక 1993 నుంచి ఉన్నదే. బడులను కలపాలన్న ప్రస్తావన ఎప్పుడు వచ్చినా, "వానాకాలం పటం చూశారా?" అని మీ పెద్దల చేత అడిగించండి.

ఇక పటం అడుగున కుడి మూలన తేదీ వేయడం మరవకండి. జూలైలో ఏ తారీఖున నడిచారో, ఆ రోజు వాగులో నీరు మోకాలి కింద ఉందో పైన ఉందో ఊరివాళ్ళను అడిగి, తేదీ పక్కనే రాయండి. వచ్చే జూలైలో అదే దారిని మీ కింది తరగతి వాళ్ళు మళ్ళీ నడిచి, మీ అంకెల పక్కన వాళ్ళ అంకెలు వేస్తారు.